అడిగితేనే పలికే యంత్రం: కంప్యూటరుకు, సెల్‌ఫోనుకు నడుమ యూఎస్‌బీ సంభాషణ

సెల్‌ఫోనుతోబాటు ప్రతి ఇంటికీ ఒక తీగ కూడా వచ్చి చేరింది. ఆ తీగ కొసను గోడకున్న ఛార్జరుకు తగిలిస్తే విద్యుత్తు ప్రవహిస్తుంది. అదే కొసను కంప్యూటరుకు తగిలిస్తే విద్యుత్తుతోబాటు సమాచారమూ ప్రవహిస్తుంది. పెళ్లి ఫొటోలను ఫోను నుంచి కంప్యూటరులోకి దించుకున్న ప్రతి ఒక్కరూ ఈ తీగను వాడినవారే. అయితే ఆ రెండు యంత్రాల మధ్య ఏ నియమాల ప్రకారం సంభాషణ జరుగుతుందో, ఆ సంభాషణను నడిపే ప్రోగ్రామును మనమే స్వయంగా వ్రాసుకోవడం ఎలాగో తెలిసినవారు తక్కువ. డిప్లొమా, ఇంజనీరింగు చదువుతున్న పిల్లలు నేడు సరిహద్దు గ్రామాలలోనూ ఉన్నారు. వారికీ, వారి చదువు ఏమిటో తెలుసుకోగోరే తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ విషయాన్ని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ఇది మనకెందుకు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. హోసూరు ప్రాంతంలోనో, కోలారు, బళ్లారి జిల్లాలలోనో, పర్లాకిమిడి, సిరొంచ, యానాం వైపో ఒక యువకుడు తన ఊరిలోని తెలుగు కుటుంబాల ఇంటిపేర్లను, పెద్దల పేర్లను, వారి పూర్వులు ఎక్కడి నుంచి వచ్చి స్థిరపడ్డారన్న వివరాలను సేకరించదలచాడని అనుకుందాం. తమిళనాడులో ఇంటిపేరుకు బదులు తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని వ్రాసే ఆచారం ఉన్నందువల్ల, కాగితాలలో ఇంటిపేరు కనిపించకుండా పోవడం మన పాఠకులకు కొత్త సంగతి కాదు. కనుక ఆ యువకుడు ఇంటింటికీ తిరిగి, తన ఫోనులో తానే తయారుచేసుకున్న చిన్న ప్రోగ్రాములో ఆ పేర్లను తెలుగులోనే నమోదు చేసుకుంటాడు. సాయంత్రం గ్రంథాలయంలోని కంప్యూటరులో వాటిని భద్రపరచాలి.

ఇంటర్నెట్టు ద్వారా పంపవచ్చు గదా అని కొందరు అడగవచ్చు. రెండు రాష్ట్రాల టవర్ల నడుమ ఉన్న గ్రామంలో సిగ్నలు నిలకడగా ఉంటుందన్న హామీ లేదు. అదీగాక ఊరివారి కుటుంబ వివరాలు ఎక్కడో ఉన్న మరొకరి కంప్యూటరు మీదుగా ప్రయాణించవలసిన అవసరమూ లేదు. చేతిలో తీగ ఉన్నప్పుడు రెండు యంత్రాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవచ్చు. కాగా, ఆ మాటలలో మన పేర్లు చెదరకుండా చేరడం, చేరకపోవడం అన్నది ప్రోగ్రాము వ్రాసినవాని చేతిలో ఉంటుంది. ఈ వ్యాసం సారాంశం అదే.

తీగకు ముందు, తీగ తరువాత

1990 దశకం మధ్య వరకు కంప్యూటరు వెనుక భాగాన అనేక రకాల రంధ్రాలు ఉండేవి. కీబోర్డుకు ఒకటి, మౌసుకు ఒకటి, ప్రింటరుకు వెడల్పైనది మరొకటి, మోడెముకు ఇంకొకటి. ఒకదాని తీగ మరొకదానిలో పట్టేది కాదు. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1994లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్ మొదలైన ఏడు సంస్థలు కలిసి పని ప్రారంభించాయి. ఆ ప్రయత్నంలో ముఖ్యపాత్ర వహించిన ఇంజనీరు, ఇంటెల్ సంస్థకు చెందిన అజయ్ భట్, గుజరాత్‌లోని వడోదరలో చదువుకున్న భారతీయుడు కావడం గమనార్హం. 1996 జనవరిలో యూఎస్‌బీ తొలి ప్రమాణం వెలువడింది. 2000 సంవత్సరంలో వచ్చిన యూఎస్‌బీ 2.0 ప్రమాణంతో వేగం సెకనుకు 1.2 కోట్ల బిట్ల నుంచి 48 కోట్ల బిట్లకు పెరిగింది.

చేతిలో ఇమిడే పరికరాలు త్వరలోనే ఈ తీగను అందిపుచ్చుకున్నాయి. 1999లో వచ్చిన హ్యాండ్‌స్ప్రింగ్ వైజర్ అనే చేతి కంప్యూటరుకు యూఎస్‌బీ పీఠం ఉండేది. ఆ పీఠం మీది మీటను నొక్కినప్పుడే పరికరం కంప్యూటరుకు కనిపించేది. అది పిలుపు కాదు, ‘నేను వచ్చాను’ అని నిలబడడం మాత్రమే. ఆపై అడగవలసినవన్నీ కంప్యూటరే అడిగేది. ఎందుకిలా అన్నది తెలుసుకుంటే యూఎస్‌బీ సగం అర్థమైనట్లే.

ప్రశ్న ఒకరిది, జవాబు మరొకరిది

పాఠశాలలో ఉపాధ్యాయుడు హాజరుపట్టీ చదివే దృశ్యాన్ని తలచుకోండి. పేరు పిలిచినప్పుడే విద్యార్థి పలకాలి. పిలవనిదే పలకరాదు. ఇద్దరు ఒక్కసారిగా అరవరాదు. యూఎస్‌బీ ఏర్పాటు అచ్చంగా ఇటువంటిదే. ఇందులో ఉపాధ్యాయుని స్థానం కంప్యూటరుది. దానిని ‘హోస్ట్’ అంటారు. విద్యార్థి స్థానం పరికరానిది. ఒక హోస్టు కింద గరిష్ఠంగా 127 పరికరాలు ఉండవచ్చు. వాటిలో ఏదీ తనంతట తాను సమాచారం పంపజాలదు.

మౌసును కదిపినప్పుడు అది కంప్యూటరుకు కబురు పంపుతున్నదని మనం భావిస్తాము. నిజానికి కంప్యూటరే సాధారణ మౌసును సెకనుకు సుమారు 125 సార్లు ‘ఏమైనా కదిలావా?’ అని అడుగుతూ ఉంటుంది. కదలకుంటే మౌసు ‘ఏమీ లేదు’ అన్న అర్థమిచ్చే చిన్న సంకేతం తిప్పి పంపుతుంది. ఫోను విషయమూ అంతే. నిద్రాణస్థితిలో ఉన్న కంప్యూటరును మేల్కొలిపే సంకేతం వంటి ఒకటి రెండు మినహాయింపులు ఉన్నా, మూలసూత్రం మారదు. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0లో పరికరం ‘సిద్ధంగా ఉన్నాను’ అని తెలియజేసే వీలు కల్పించారు గాని, అక్కడ కూడా సంభాషణను నడిపేది హోస్టే.

అందువల్ల ప్రోగ్రాము వ్రాసేవారు మొదట మనసులో నాటుకోవలసిన సంగతి ఇది: ఫోను పంపదలచిన పేర్లు ఎన్ని సిద్ధంగా ఉన్నా, కంప్యూటరు వైపు ప్రోగ్రాము ‘ఇవ్వు’ అని అడిగేవరకు అవి ఫోనులోనే నిలిచి ఉంటాయి.

పరిచయపత్రం

తీగ తగిలించిన క్షణం నుంచి జరిగే తంతు ఇలా ఉంటుంది. యూఎస్‌బీ 2.0 తీగలో నాలుగు సన్నని వైర్లు ఉంటాయి. రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. పరికరం తనలోని ఒక నిరోధకం ద్వారా సమాచార వైర్లలో ఒకదానిని పైకి లాగుతుంది. ఆ మార్పును గమనించి, ఎవరో వచ్చారని కంప్యూటరు గ్రహిస్తుంది. వెంటనే పరికరాన్ని ‘రీసెట్’ చేస్తుంది. అప్పుడు దాని చిరునామా సున్న. కంప్యూటరు దానికి 1 నుంచి 127 లోపు ఒక సంఖ్యను చిరునామాగా కేటాయించి, ఆపై ఆ సంఖ్యతోనే పిలుస్తుంది.

తరువాత కంప్యూటరు 8 బైట్ల ప్రశ్న ఒకటి పంపుతుంది. దానికి పరికరం 18 బైట్ల పరిచయపత్రం సమర్పిస్తుంది. దీనిని ‘డిస్క్రిప్టర్’ అంటారు. అందులో తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య ముఖ్యమైనవి. ఉదాహరణకు గూగుల్ సంస్థకు కేటాయించిన తయారీదారు సంఖ్య, మనం వాడే దశాంశ పద్ధతిలో చెప్పాలంటే, 6353. ఈ రెండు సంఖ్యలను బట్టే మన ప్రోగ్రాము తనకు కావలసిన ఫోనును గుర్తుపడుతుంది.

పరిచయపత్రం వెంట మరికొన్ని పత్రాలు వస్తాయి. పరికరం ఏయే పనులు చేయగలదో, ఒక్కో పనికి ఏయే ద్వారాలు ఉన్నాయో వాటిలో ఉంటుంది. ఈ ద్వారాలను ‘ఎండ్‌పాయింట్లు’ అంటారు. సున్నవ ద్వారం ప్రతి పరికరానికీ తప్పనిసరి. తక్కినవి కంప్యూటరులోకి వచ్చేవి, ఫోనులోకి వెళ్లేవి అని రెండు విధాలు. ఇక్కడ ‘లోపలికి’, ‘బయటికి’ అన్న మాటలు ఎల్లప్పుడూ కంప్యూటరు దృష్టితోనే చెప్పబడతాయి. కొత్తవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఈ పత్రాలలో తెలుగువారిని ఆకర్షించే విశేషం ఒకటి ఉంది. పరికరం తన పేరును, తయారీదారు పేరును మాటలలో చెప్పేటప్పుడు ఏ భాషలో చెబుతున్నదో ఒక సంఖ్యతో సూచించాలి. యూఎస్‌బీ సంస్థ ప్రకటించిన ఆ భాషల పట్టికలో ఒరియా సంఖ్య 1096, తమిళం 1097, తెలుగు 1098, కన్నడం 1099, మరాఠీ 1102. పటంలో మన చుట్టూ ఉన్న భాషలే ఆ పట్టికలోనూ మన ఇరుగుపొరుగున ఉన్నాయి. అయితే మార్కెట్టులోని పరికరాలు దాదాపుగా 1033 అన్న సంఖ్యనే, అనగా అమెరికా ఇంగ్లీషునే వాడుతుంటాయి. తెలుగుకు స్థానం ఇచ్చారు. దానిని వాడుకోవడం తయారీదారుల ఇష్టానికి వదిలివేశారు.

నాలుగు రకాల రవాణా

సమాచారం నాలుగు విధాలుగా ప్రయాణిస్తుంది. పరిచయాలకు, ఆజ్ఞలకు వాడేది ‘కంట్రోల్’ పద్ధతి. మౌసు, కీబోర్డు వంటి వాటిని నిర్ణీత వ్యవధిలో అడిగేది ‘ఇంటరప్ట్’ పద్ధతి. ధ్వని, వీడియో వంటి ఆగకుండా సాగవలసిన వాటికి ‘ఐసోక్రోనస్’ పద్ధతి. ఇందులో ఒక ముక్క పోతే తిరిగి పంపరు. ఫైళ్లు, పేర్ల జాబితాలు వంటి పెద్దమొత్తం సమాచారానికి ‘బల్క్’ పద్ధతి. బల్క్ పద్ధతిలో తీగ మీద దోషం దొర్లితే హార్డ్‌వేరే కనిపెట్టి, ఆ ముక్కను మళ్లీ పంపిస్తుంది. మన ఉదాహరణకు కావలసింది కంట్రోల్, బల్క్ పద్ధతులు మాత్రమే.

ప్రోగ్రాము వ్రాసే క్రమం

ఫొటోలు, పాటలు వంటి ఫైళ్లు దించుకోవడానికి కొత్త ప్రోగ్రాము అక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో అందుకు ఎంటీపీ అనే ఏర్పాటు ఉండనే ఉంది. ఒక ప్రోగ్రాములో దాగి ఉన్న సమాచారాన్ని బయటికి తీయాలన్నా, రెండు యంత్రాలు అప్పటికప్పుడు ప్రశ్నోత్తరాలు జరుపుకోవాలన్నా మాత్రమే సొంత ప్రోగ్రాము అవసరమవుతుంది. ఇందుకు 2011లో గూగుల్ ప్రవేశపెట్టిన ‘ఆండ్రాయిడ్ ఓపెన్ యాక్సెసరీ’ అనే పద్ధతి అనువైనది. ఆండ్రాయిడ్ 3.1తో వచ్చిన ఈ సౌకర్యాన్ని 2.3.4కు కూడా అందించారు.

కంప్యూటరు వైపు లిబ్‌యూఎస్‌బీ అనే ఉచిత లైబ్రరీ లభిస్తుంది. లైనక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ ఇది పనిచేస్తుంది. సీ భాషలో నేరుగాను, పైథాన్‌లో పైయూఎస్‌బీ ద్వారాను వాడుకోవచ్చు. క్రమం ఇలా ఉంటుంది.

1. కంప్యూటరుకు తగిలించి ఉన్న పరికరాలన్నిటి పరిచయపత్రాలు చదివి, తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్యలను బట్టి మన ఫోనును ఎన్నుకోవాలి.

2. దానిని తెరవాలి. లైనక్స్‌లో సాధారణ వాడుకరికి ఇందుకు అనుమతి ఉండకపోవచ్చు. యూదేవ్ నియమాల ఫైలులో ఒక పంక్తి చేర్చి అనుమతి ఇవ్వాలే గాని, ప్రోగ్రామును సర్వాధికారాలతో నడపడం మంచి పద్ధతి కాదు. విండోస్‌లో ఆ పరికరానికి విన్‌యూఎస్‌బీ డ్రైవరును జతచేయవలసి ఉంటుంది.

3. సున్నవ ద్వారం గుండా 51వ సంఖ్య గల ప్రశ్న పంపాలి. ‘నీకు ఈ పద్ధతి తెలుసునా?’ అని దాని అర్థం. తెలిసిన ఫోను 1 లేదా 2 అని జవాబిస్తుంది.

4. 52వ సంఖ్యతో మన పరిచయం పంపాలి. తయారీదారు, నమూనా, వివరణ, వెర్షను, వెబ్ చిరునామా, వరుస సంఖ్య అనే ఆరు అంశాలను 0 నుంచి 5 వరకు క్రమసంఖ్యలతో పంపవచ్చు.

5. 53వ సంఖ్యతో ‘ఇక ప్రారంభించు’ అని ఆజ్ఞాపించాలి.

అప్పుడు ఫోను ఒక్కక్షణం కంప్యూటరు నుంచి విడిపోయి, కొత్త పరిచయపత్రంతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఈసారి తయారీదారు సంఖ్య 6353, వస్తువు సంఖ్య 11520. ఫోనులో డీబగ్గింగ్ సౌకర్యం తెరిచి ఉన్నట్లయితే 11521. ఫోను మారిపోయిందని, తీగ ఊడిందని కొత్తవారు కంగారు పడేది ఈ ఘట్టంలోనే. పాత పరికరాన్ని మూసివేసి, కొత్త సంఖ్యతో మళ్లీ వెతకాలి. విండోస్‌లోనైతే ఈ కొత్త రూపానికి కూడా డ్రైవరు జతచేయాలి.

6. కొత్తగా కనిపించిన పరికరంలో మొదటి ఇంటర్‌ఫేసును మన ప్రోగ్రాము స్వాధీనం చేసుకోవాలి. అందులో వచ్చే ద్వారం ఒకటి, పోయే ద్వారం ఒకటి ఉంటాయి. రెండూ బల్క్ పద్ధతివే.

ఫోను వైపు మన ప్రోగ్రాములో తయారీదారు, నమూనా పేర్లను ముందుగానే ప్రకటించి ఉంచితే, ఫోను వాటిని పోల్చుకొని, యజమాని అనుమతి అడిగి, ఆ ప్రోగ్రామును తెరుస్తుంది. అనుమతి లభించాక ఫైలును చదివినట్లు, ఫైలులో వ్రాసినట్లు చదవడం, వ్రాయడమే.

తెలుగు అక్షరం ఎక్కడ విరుగుతుంది?

ఇంతవరకు చెప్పినది ఏ భాషవారికైనా ఒక్కటే. ఇక చెప్పబోయేది ప్రత్యేకించి మనకు సంబంధించినది.

తీగ మీద ప్రయాణించేవి అక్షరాలు కావు, బైట్లు. ఒక్కో బైటు 0 నుంచి 255 వరకు ఉండే సంఖ్య. యూనికోడ్ విధానంలో భారతీయ లిపులకు వరుసగా స్థలాలు కేటాయించారు. ఒరియాకు 2816 నుంచి, తమిళానికి 2944 నుంచి, తెలుగుకు 3072 నుంచి, కన్నడానికి 3200 నుంచి, 128 చొప్పున సంఖ్యలు ఉన్నాయి. పక్కపక్కనే కొలిచి ఇచ్చిన ఇళ్లస్థలాల వంటివివి. తెలుగు ‘త’ సంఖ్య 3108 కాగా, కన్నడ ‘త’ సరిగ్గా 128 కలిపిన 3236.

ఈ సంఖ్య 255కు మించినది కనుక ఒక బైటులో ఇమడదు. ఎక్కువగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ‘త’ అన్నది 224, 176, 164 అనే మూడు బైట్లుగా మారుతుంది. తెలుగులోని ప్రతి గుర్తుకూ ఇలాగే మూడేసి బైట్లు కావాలి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా వేరువేరు గుర్తులుగానే లెక్క. ‘తెలుగు’ అన్న మాట చూడడానికి మూడక్షరాలే అయినా ఆరు గుర్తులు, 18 బైట్లు. ‘వెంకటమ్మ’ ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి మాత్రం ఒక్క బైటు చాలు.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బల్క్ పద్ధతిలో సమాచారం ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. ఫుల్‌స్పీడ్ పరికరంలో ఒక ప్యాకెట్టుకు గరిష్ఠంగా 64 బైట్లు, హైస్పీడ్‌లో 512 బైట్లు. 64 బైట్లలో తెలుగు గుర్తులు 21 పట్టి, ఒక బైటు మిగులుతుంది. 512లో 170 పట్టి, రెండు బైట్లు మిగులుతాయి. అనగా వరుసగా తెలుగు గుర్తులే వస్తున్నప్పుడు ఒక గుర్తు రెండు ప్యాకెట్ల నడుమ విరిగిపోతుంది. ప్యాకెట్లను లైబ్రరీ కలిపి ఇచ్చినప్పటికీ, మన ప్రోగ్రాము ఒక్కసారి చదివే పరిమాణం ముగిసేచోట అదే ఇబ్బంది. ఫోను వైపు సాధారణంగా పెట్టుకునే 16384 బైట్ల పరిమాణాన్ని 3తో భాగించినా ఒకటి శేషం. రెండును ఎన్నిసార్లు రెండుతో గుణించినా వచ్చిన సంఖ్య 3తో నిశ్శేషంగా భాగింపబడదు. కాబట్టి పాత్రను పెద్దది చేసినంతమాత్రాన ఈ చిక్కు తీరదు.

వచ్చిన ముక్కను వచ్చినట్లే అక్షరాలుగా మార్చే ప్రోగ్రాము ఆ విరిగిన చోట ప్రశ్నార్థకాన్నో, నల్లని గళ్ల గుర్తునో ప్రదర్శిస్తుంది. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించి చూసుకున్న ప్రోగ్రామరుకు ఈ దోషం ఎన్నటికీ కనబడదు. అతని లెక్కలో ప్రోగ్రాము సక్రమంగా పనిచేస్తున్నట్లే. వెంకటమ్మగారి పేరు మాత్రం చెడిపోతుంది. పేరుకు 20 బైట్లు చాలునని స్థలం కేటాయించిన ప్రోగ్రాములోనూ ఇదే గతి. ఇరవై ఇంగ్లీషు అక్షరాలు పట్టే ఆ స్థలంలో తెలుగు గుర్తులు ఆరే పడతాయి. వెంకటమ్మ ‘వెంకటమ’ వద్ద నిలిచిపోతుంది.

నివారణ కష్టమైనది కాదు. మూడు నియమాలు పాటిస్తే చాలు.

మొదటిది, బైట్లను ముందు పూర్తిగా కూడబెట్టాలి. ఒక పేరు మొత్తం చేరిన తరువాతనే అక్షరాలుగా మార్చాలి.

రెండవది, ప్రతి పేరుకు ముందు దాని పొడవును నాలుగు బైట్లలో తెలపాలి. ఆ పొడవు అక్షరాల సంఖ్య కాదు, బైట్ల సంఖ్య కావాలి. ఇలా చేయడం వల్ల మరొక లాభమూ ఉంది. పంపిన సమాచారం సరిగ్గా 64కో 512కో గుణిజమైనప్పుడు అది ముగిసిందో లేదో అవతలివారికి తెలియక వేచిచూస్తూ ఉండిపోవచ్చు. పొడవు ముందే తెలిస్తే ఆ సందేహం ఉండదు.

మూడవది, బైట్ల క్రమంపై రెండు ప్రోగ్రాముల నడుమ ఒప్పందం ఉండాలి. ఫోనులో జావా భాష 24 అన్న పొడవును మామూలుగా 0, 0, 0, 24 అని వ్రాస్తుంది. ఇంటెల్ తరహా కంప్యూటరు అదే సంఖ్యను 24, 0, 0, 0 అని ఉంచుకుంటుంది. ఒప్పందం లేకపోతే 24 బైట్ల వెంకటమ్మ పేరు కోసం కంప్యూటరు 40 కోట్ల 26 లక్షల 53 వేల 184 బైట్లు వస్తాయని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. దోషం ఒక్క పంక్తిలో ఉంటుంది. ఆ పంక్తి తెలియనివారు తీగను, ఫోనును నిందిస్తారు.

ఇంకొక జాగ్రత్త. తీగ మీది దోషాలను హార్డ్‌వేరు దిద్దుకుంటుంది గాని, మధ్యలో తీగ ఊడిపోతే అది చేయగలిగినది లేదు. ప్రతి పేరు భద్రపరచిన తరువాత కంప్యూటరు ఆ పేరు క్రమసంఖ్యను ఫోనుకు తిప్పి పంపాలి. ఆ జవాబు అందినప్పుడే ఫోను ‘ఇది చేరింది’ అని గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు మళ్లీ తగిలించినప్పుడు ఆగినచోటు నుంచే కొనసాగవచ్చు.

ఇతరుల కంప్యూటరుకు తగిలించేటప్పుడు

కంప్యూటరు అడిగేది, ఫోను పలికేది అన్నాము. మరి జిరాక్సు దుకాణంలోనో, ఫొటో స్టూడియోలోనో ఫోనును తగిలిస్తే అక్కడి కంప్యూటరు ఏదైనా అడగవచ్చునా? అడగవచ్చు. జవాబు చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఫోను యజమాని నిర్ణయం. ఆండ్రాయిడ్ 6.0 నుంచి, అనగా 2015 నుంచి, తీగ తగిలించగానే ఛార్జింగు మాత్రమే జరిగే ఏర్పాటు చేశారు. ఫైళ్లు కావాలంటే యజమాని స్వయంగా ఎంచుకోవాలి. ఐఫోనులో ‘ఈ కంప్యూటరును నమ్మవచ్చునా?’ అన్న ప్రశ్న 2013లో వచ్చిన ఐఓఎస్ 7 నుంచి ఉంది.

కాబట్టి పాఠకులు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పరుల కంప్యూటరుకు తగిలించినప్పుడు ఫోను తెర మీద కనిపించే ప్రశ్నను చదవకుండా ‘సరే’ అని నొక్కరాదు. ‘ఎల్లప్పుడూ అనుమతించు’ అన్న గడిలో టిక్కు పెట్టరాదు. ప్రోగ్రాములు వ్రాసేవారికి ఉద్దేశించిన యూఎస్‌బీ డీబగ్గింగ్ సౌకర్యాన్ని పని ముగియగానే మూసివేయాలి. బస్‌స్టాండు వంటిచోట్ల ఛార్జింగు మాత్రమే కావలసినప్పుడు సమాచార వైర్లు లేని తీగను వాడడం క్షేమం. అదే తీగతో ఇంట్లో ప్రోగ్రాము పరీక్షించబోతే మాత్రం కంప్యూటరుకు ఫోను కనిపించదు. చాలామంది విద్యార్థులు గంటల తరబడి ప్రోగ్రాములో తప్పు వెతికి, చివరకు తీగలో వైర్లే లేవని గ్రహిస్తుంటారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ విద్యకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి, సమాచార వైర్లున్న తీగ ఒకటి, లైనక్స్ ఉన్న కంప్యూటరు ఒకటి చాలు. మొదటిరోజున ప్రోగ్రాము వ్రాయవద్దు. లైనక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అన్న ఆజ్ఞ ఇచ్చి, ఇంట్లో ఉన్న మౌసు, పెన్‌డ్రైవు, ఫోనుల పరిచయపత్రాలను చదవండి. ఏ పరికరానికి ఎన్ని ద్వారాలున్నాయో కాగితం మీద వ్రాసుకోండి. రెండవ రోజున లిబ్‌యూఎస్‌బీతో 51వ ప్రశ్న పంపి, జవాబు తెచ్చుకోండి. ఆ చిన్న జవాబు వచ్చిందంటే దారి తెరుచుకున్నట్లే.

పరీక్షించడానికి వాడే మొదటి పేరు మాత్రం ఇంగ్లీషులో ఉండవద్దు. మీ అవ్వ పేరో, తాత పేరో, ఇంటిపేరుతో సహా, ఒత్తులతో, గుణింతాలతో తెలుగులో వ్రాసి పంపండి. ఒక్క పేరు కాదు, వరుసగా వంద పేర్లు పంపండి. అవతలి వైపు నూరు పేర్లూ ఒక్క గుర్తు కూడా విరగకుండా చేరినట్లయితే ఆ ప్రోగ్రాము కన్నడ పేరునైనా, తమిళ పేరునైనా, ఒడియా పేరునైనా అంతే భద్రంగా చేర్చగలదు. ఆ లిపుల గుర్తులకూ మూడేసి బైట్లే కావాలి గదా.